మసిదిన్నె మీద కడచూపు

ఆదోనిలో ఫోటో స్టూడియో నడిపే ఈరన్నకు రెండు జబ్బులు. ఒకటి చరిత్ర, రెండోది ఆత్రం. మొదటిదానికి ఇంతవరకూ మందు లేదు. రెండోదానికి మందు ఉన్నా, అది పనిచేసేదాకా ఆగే ఓపిక ఆయనకు లేదు.

ఆ ఆదివారం పొద్దున రెండు జబ్బులూ ఒకేసారి తిరగబెట్టాయి. వంటింట్లోకి దూసుకొచ్చి, పెనం మీద దోసె కాలుతూ ఉండగానే భార్య నాగరత్న చేతిలోంచి అట్లకాడ లాక్కున్నాడు.

"ఏమయ్యో! దోసె మాడిపోతాంది!"

"మాడనీలే రత్నా! నాలుగు వేల యేండ్ల కిందట మాడిందాని సంగతి ఈ పొద్దు తేలిపోతాది. ఒక దోసె ఏం లెక్క?"

"అంత చరిత్ర తిరగేసేటోనివి, ఈ దోసె తిరగేసి పో!"

తిరగేశాడు. అవతలి వైపు అప్పటికే నల్లరాతియుగంలోకి వెళ్ళిపోయింది.

"ఇంగో అట్లకాడ కొనుక్కోరాదా? నా కొంపలోదే కావాల్నా?"

"కొత్తది చెల్లదే. గ్రూపులో అందరికీ తెలిసిన మొగం ఇదే!"

అందులో అబద్ధం లేదు. ఈరన్న ‘తవ్వకాల రచ్చబండ’ అనే ఆన్‌లైన్ గ్రూపుకు అడ్మిన్. ఆయన్ను అడ్మిన్ అనేవాళ్ళు కొందరు, అడ్డమిన్ అనేవాళ్ళు అనేకులు. ఎక్కడ పాత ఇటుక బయటపడినా, చెరువు పూడిక తీస్తుంటే కుండపెంకు దొరికినా, ముందు అక్కడ రచ్చ మొదలవుతుంది, తర్వాత బండలు పడతాయి. ఒకాయన శాతవాహనుల నాణెం అని మురిసిపోతూ పెడితే, అది ఆయన తాతగారి కోటు గుండీ అని భోజనాల వేళకల్లా తేల్చేస్తారు. తాతగారు శాతవాహనుడు కాడని రుజువేమిటని ఆయన సాయంత్రం దాకా పోరాడతాడు.

ఆ గ్రూపుకు రెండు కట్టుబాట్లున్నాయి. వాటి వెనక ఒక పరువు తక్కువ కథ ఉంది. ఒక పెద్దమనిషి వేలెడంత రాతిగొడ్డలి పక్కన సొంతంగా గీసుకున్న దొంగ స్కేలు పెట్టి, రోకలంత గొడ్డలి దొరికిందని అందర్నీ నమ్మించాడు. దాని మీద వ్యాసాలొచ్చాయి. దాన్ని ఎత్తి విసరగల భీములది ఏ జాతో కూడా తేల్చేశారు. నిజం బయటపడ్డాక గ్రూపంతా గొడ్డలి దెబ్బ తిన్నట్టు కూర్చుని, ఇకమీదట దొరికిన వస్తువు పక్కన ప్రతి ఇంట్లోనూ ఉండే సామాను ఏదో ఒకటి పెట్టే ఫోటో తీయాలని తీర్మానించింది. ఎవరి చెయ్యీ పడకముందే ఆ ఫోటో గ్రూపులోకి రావాలి. తర్వాత వచ్చేదంతా కబుర్ల కింద లెక్క. అప్పటి నుంచి ఒకరు అగ్గిపెట్టె పెడతారు, ఒకరు గుంటూరు మిరపకాయ పెడతారు, ఈరన్న అట్లకాడ పెడతాడు. ఆ ఇంట్లో దోసెలు పలచబడి చరిత్ర మందమైంది.

ఆ మిరపకాయ మనిషే ఈరన్నకు ఆన్‌లైన్ శత్రువు. పేరు చుండూరు తిలోత్తమ. గుంటూరులో మిర్చికి కోల్డ్ స్టోరేజీ నడుపుతుంది. గోదాము చల్లన, నాలుక మంట. తిల అంటే నువ్వు. కానీ ఆవిడ ఎవర్నీ నువ్వు అనదు. ‘మీరు’, ‘గారు’ అంటూనే తొడిమ తీసి ఆరబెడుతుంది.

ఇద్దరి తగువూ మసిదిన్నె మీద. ఆదోనికి అవతల పొలాల మధ్య ఉన్న బూడిద గుట్ట అది. కొత్తరాతియుగంలో పశువులు కాచుకుని బతికిన జనం పేడ కుప్పలుగా పోస్తే, ఆ కుప్పలు కాలి కాలి గుట్టయింది. అంతవరకూ ఇద్దరికీ రాజీ. ఎందుకు కాలిందన్న దగ్గరే కయ్యం. పండగ అంటాడు ఈరన్న. మంట వేసి, పక్కనుంచి ఎద్దుల్ని తోలి, చుట్టూ చిందులు వేశారట. దాడి అంటుంది తిలోత్తమ. శత్రువులు వచ్చి దొడ్లకు నిప్పు పెడితే జనం ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తారట.

‘ఈరన్నగారికి ఏ పొగ చూసినా పండగే. ఎవరింట్లో కూర మాడినా బాజాలు పిలిపిస్తారు’ అని ఆవిడ రాస్తుంది.

‘తిలోత్తమగారికి ఏ నిప్పు చూసినా సొంత గోదామే కండ్ల ముందుకొస్తాది’ అని ఈయన రాస్తాడు.

చల్లారిన బూడిద మీద ఇద్దరూ ఏళ్ళ తరబడి నిప్పులు చెరుగుతూ ఉండగా, గుట్ట మాత్రం కరిగిపోయింది. ఎరువుకు మంచిదని చుట్టుపక్కల వాళ్ళు ట్రాక్టర్లతో తోలుకున్నారు. మిగిలిన ఒక్క మూల, బూడిద అడుగున, చాప పరిచినంత గట్టి మట్టినేల చెక్కుచెదరకుండా ఉందని తేలింది. ఎప్పుడో ఒక మంటల వేళ దాని మీద బూడిద కుప్ప ఒక్కసారిగా కూలింది. ఆ తర్వాత ఆ నేల వెలుగు మొహం చూడలేదు.

ఆ ఆఖరి వెలుగులో ఏముందో ఈ ఆదివారం చూడబోతున్నారు. చూపించబోయేది ఈరన్న కూతురు హంపమ్మ.

*

హంపమ్మది అవ్వ పేరు. బెంగుళూరులో ఆమె పనిచేసే పరిశోధనాలయంలో డాక్టర్ హంపా అంటారు. ఆదోని బస్సు దిగగానే మళ్ళీ హంపమ్మే. ఆమె పనంతా పలుగురాయి మీద. మట్టిలో కలిసి ఉండే సన్నటి పలుగురాయి రవ్వ, కప్పబడిపోయే ముందు తన మీద పడ్డ వెలుగును లోపల దాచుకుంటుంది. ఆ వెలుగు పడి ఎంత కాలమైందో చెప్పడం పాత విద్య. ఆ వెలుగులో ఏ బొమ్మ ఉందో తెర మీద చూపించడం హంపమ్మ కనిపెట్టిన విద్య.

"నేలంతా ఫిల్ము రీలేనప్పా!" అని ఈరన్న గ్రూపులో అరిచినట్టే రాశాడు. "మట్టి పడిందంటే కెమెరా మూత పడినట్టే. మా పాప డెవలప్ చేస్తాది. పలుగురాయి ఇంగ పలుకురాయి!" యంత్రానికి పేరు కూడా ఆయనే పెట్టాడు. కడచూపు. నవ్వుతూ పెట్టిన పేరే. అందులోని బరువు మొదటిసారి చూసినప్పుడు తెలిసింది.

అది రెండేళ్ళ కిందటి మాట. అవ్వ మిద్దెలో ఒక పెద్ద భోషాణం ఉండేది. పెళ్ళైన కొత్తలో అవ్వా తాతా కలిసి దాన్ని ఆ మూల దించారు. ఏడాది తిరక్కుండానే తాత పోయాడు. అప్పటికి ఈరన్న ఇంకా కడుపులోనే ఉన్నాడు. ఒక్క ఫోటో కూడా లేదు. ఊళ్ళో పుట్టినవాళ్ళకూ పెళ్ళైనవాళ్ళకూ పోయినవాళ్ళకూ ఫోటోలు తీసిన మనిషికి కన్నతండ్రి ముఖం తెలియదు. భోషాణం అడుగున ఉన్న నేలకు తెలుసు. ఆ నేల పెళ్ళను చీకట్లోనే కోసి, నల్ల పెట్టెలో పెట్టుకుని, ఈరన్న బెంగుళూరు వెళ్ళాడు.

"నాయనా, మిషను ఇంగా పసిది," అంది హంపమ్మ. "చదివితే ఆ వెలుగు తుడుచుకోని పోతాది. మళ్ళా ఉండదు. ఇప్పుడు చూస్తే పట్టుకునేది పిడికెడే. ఇంగో యేడాది ఆగు."

"యేడాదా? పుట్టినప్పటి నుంచి ఆగినా గదా తల్లీ! ఒక్క చూపు. మసకగా ఉన్నా చాలు!"

ఆమె మీట నొక్కింది. తెర మీద కింది నుంచి చూసినట్టు భోషాణం అడుగు చెక్క కనిపించింది. దాని అంచు పట్టుకున్న చెయ్యి, వేలికి ఉంగరం. ఆ పైన, వంగిన ముఖం ఉండాల్సిన చోట, పొగచూరిన అద్దంలాంటి మరక. మీసం ఉందేమో. నవ్వుతున్నాడేమో. అంతలో తెర ఆరిపోయింది.

మరుసటి ఏడు కొత్త కటకంతో అదే యంత్రం కనురెప్పల వెంట్రుకలు కూడా చూపగలిగింది. భోషాణం కింది పెళ్ళ మాత్రం అప్పటికి వట్టి మట్టి. హంపమ్మ దాన్ని పారేయలేదు, మళ్ళీ ముట్టుకోనూ లేదు. ‘ఇంగెప్పుడూ నిన్ను తొందరపెట్టను’ అన్నాడు ఈరన్న. ఆ మాట కూడా తొందరగానే అన్నాడు.

*

మధ్యాహ్నానికి మసిదిన్నె జాతరైంది. రచ్చబండ సభ్యులు వ్యాన్లలో, బైకుల్లో దిగారు. తెర మీద ఏళ్ళుగా తిట్టుకున్నవాళ్ళు ఎదురుపడి, ఎవరు ఎవరో తెలియక నమస్కారాలు పెట్టుకుని, తెలిశాక కౌగిలించుకున్నారు. టిఫిను చేసుకోవడానికి చేతిలో అట్లకాడ లేని నాగరత్న పెద్ద డబ్బాలో చిత్రాన్నం కలుపుకుని తానూ వచ్చేసింది.

తిలోత్తమ కారు దిగి, నల్ల కళ్ళజోడు తీసి, ఈరన్నను పైనుంచి కిందికి కొలిచింది.

"ఈరన్నగారంటే మీరేనాండీ? ఫోటోల్లో ఇంకాస్త పొడుగ్గా ఉంటారే!"

"పక్కన స్కేలు పెట్టలేదు గదమ్మా."

"మాటలకేం గానీ, ఇవాళ్టితో మీ పండగకు మూడినట్టే."

"మీ యుద్ధం ముగిసినట్టే!"

తవ్విన గుంట నడుములోతు ఉంది. దాని మీద నల్ల టార్పాలిన్ పొరలు పొరలుగా కప్పి డేరా వేశారు. లోపల ఒకే ఒక్క ఎర్రబల్బు. ఈరన్న పాత డార్క్‌రూమ్‌లోది. డేరా ముందు నిలబడి హంపమ్మ అందరికీ చెప్పింది.

"ఈ నేల ఒక్కటే మిగిలిండాది. ఒక్కసారే చూస్తాం. వెలుగు పడిందంటే పోయినట్టే, మసిదిన్నె ఇంగ ఎవరితోనూ మాట్లాడదు. పొద్దు గుంకకముందే మళ్ళా పూడ్చిపెడతామని రాసిచ్చి అనుమతి తెచ్చినా. అందుకని ఫోన్లన్నీ ఈడ చాటలో పెట్టండి."

చాట నిండింది. ఈరన్న ఫోను మాత్రం జేబులోనే ఉంది. రాలేకపోయిన సభ్యులందరూ ఆన్‌లైన్లో చెవులు రిక్కించి ఉన్నారు. వాళ్ళకు గొంతు వినిపించాలి కదా. "బొమ్మ వద్దు నాయనా, మాట మాత్రమే," అంది హంపమ్మ. అంతకు మించి చెప్పలేదు. బతుకంతా చీకటి గదిలో ఫిల్ములు కడిగిన మనిషికి వెలుగు గురించి ఏం చెప్తుంది?

ముగ్గురు లోపలికి దిగారు. హంపమ్మ, ఈరన్న, సాక్షిగా తిలోత్తమ.

హంపమ్మ కుంచెతో ఆఖరి బూడిద పొర తీసింది. ఎర్రటి మసకలో నేల బయటపడింది. నున్నగా, అలికి ఆరబెట్టినట్టుగా ఉంది. ఒకవైపు ఏదో గిట్ట గుర్తు. ఈరన్న గుండె డప్పులా మోగింది. జేబులో ఫోను దానికి తాళం వేస్తున్నట్టు అదరడం మొదలుపెట్టింది.

"నేల కనపడింది!" అని గుసగుసగా అరిచాడు.

డేరా బయట కేకలు. "ఈరన్నా, ఫోటో! చెయ్యి పడకముందే ఫోటో!"

"అదీ నిజమేనండీ," అంది తిలోత్తమ. "మీ అమ్మాయి చదివి తుడిచేశాక మీరేం చూపించినా నేనొప్పుకోను. కట్టుబాటు కట్టుబాటే. ఫోటో పెట్టండి ముందు."

హంపమ్మ అటు తిరిగి యంత్రం తల అందుకుంటోంది. ఈరన్న ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే కథే లేదు. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి సంచిలోంచి అట్లకాడ తీసి నేల మీద పెట్టింది. రెండో చెయ్యి జేబులోంచి ఫోను తీసింది. బొటనవేలు నొక్కింది.

డేరా నిండా తెల్లటి మెరుపు మెరిసింది.

నాలుగు వేల ఏళ్ళ చీకటి చిటికెలో పోయింది. ముగ్గురి నీడలూ టార్పాలిన్ మీద పడి మాయమయ్యాయి. ఫోను, పాపం, తన పని తాను శుభ్రంగా చేసి ఫోటోను గ్రూపులోకి పంపింది. చాలా మంచి ఫోటో. కింద కామెంట్లు పడ్డాయి.

‘సూపర్ అన్నా! స్కేలు కరెక్టుగా పెట్టినావు.’

‘క్లారిటీ అదిరింది.’

‘ఒక్క నిమిషం. ఫ్లాష్ వేశారా???’

ఆ తర్వాత గ్రూపు గ్రూపంతా అంటుకుంది. ఫ్లాష్ సంగతి ఫ్లాష్ న్యూసైంది.

హంపమ్మ యంత్రం తలను ఒళ్ళో పెట్టుకుని గుంట అంచున కూర్చుండిపోయింది.

"పాపా," అన్నాడు ఈరన్న. "మా నాయన మొగం పోగొట్టుకుంటి. ఆ పొద్దన్నా పోయింది నా ఇంటోళ్ళ మొగమే. ఇప్పుడు ఈ దిన్నె జనాలందరివీ పోగొట్టినా. డార్క్‌రూములో బతికినోన్ని... తెలుపూ నలుపూ తెలిసినోన్ని..."

"అడిగింది నేను కదండీ," అంది తిలోత్తమ. ఆవిడ మాటలో కారం లేకపోవడం ఆ గుంటలో అందరికంటే ఆవిడకే వింతగా వినిపించింది. "అమ్మా హంపమ్మా, నన్ను తిట్టమ్మా. నేను తొందరపెట్టాను."

ఈరన్న ఏం చేయాలో తోచక, కనీసం అట్లకాడన్నా తీసేద్దామని వంగాడు.

"తాకొద్దు!"

ఆ కేకకు డేరా బయట జనం కూడా బిగుసుకుపోయారు. హంపమ్మ మోకాళ్ళ మీద ముందుకు జరిగింది. నేలకు చెంప ఆనించి అట్లకాడ వైపు చూసింది.

"నాయనా, ఫ్లాష్ యాడి నుంచి పడింది?"

"పైనుంచి తల్లీ. నా చేతిలోంచి."

"అట్లకాడ రేకు నేలకు అంటుకోనే ఉండాదా?"

"అంటుకోనే ఉంది. అలవాటు గదా, దోసె మాదిరి అదిమి పెడతా."

"అయితే దాని కింద?"

"దాని కింద చీకటే కదండీ!" తిలోత్తమ ఎగిరి గంతేయబోయి టార్పాలిన్‌కు తల కొట్టుకుంది. "అరచెయ్యంత చీకటి! ఉంది! ఇంకా ఉంది!"

బయటికి పాకిన కబురు కేకలుగా తిరిగొచ్చింది. ‘అట్లకాడ కింద ఉందంట! అట్లకాడ కింద మిగిలిందంట!’ చిత్రాన్నం పంచుతున్న నాగరత్న గంటె పైకెత్తి, "నా అట్లకాడయ్యా అది! నాది!" అని ఊరూ పేరూ తెలియని వాళ్ళందరికీ చెప్పింది.

లోపల హంపమ్మ ఫోను లాక్కుని ఆపేసి, అట్లకాడ రేకు చుట్టూ నల్లకాగితం మడతలు పేర్చింది. నల్లగుడ్డ కప్పి, దాని కింద చేతులు పెట్టి, రేకును లాగుతూ అదే క్షణంలో కాగితం జరుపుతూ, కళ్ళతో కాక వేళ్ళతో పని చేసింది. నల్లకాగితం కింద ఇప్పుడు అరచెయ్యంత నేల. దాని మీద యంత్రం తల కూర్చుంది.

"నాయనా, నువ్వే చెప్పు," అంది. "మొత్తం చదివితే పెద్ద బొమ్మ వస్తాది. ఎవరిదన్నా మొగం గూడా రావచ్చు. సగమే చదివితే ఏం వస్తాదో తెల్దు. కానీ మిగతా సగం ఉంటాది."

ముఖం అన్న మాట వినగానే ఈరన్న చదువు అందామని నోరు తెరిచాడు. ఆ ముఖం కోసమే కదా ఇన్నేళ్ళ రచ్చ! నాలుగు వేల ఏళ్ళ నాటి ముఖం, నవ్వుతోందో ఏడుస్తోందో తేలిపోతుంది, తిలోత్తమ పక్కనే ఉంది, గ్రూపంతా ఎదురుచూస్తోంది. పొగచూరిన అద్దంలాంటి ఆ మరక కళ్ళ ముందు కదిలింది.

"సగం," అన్నాడు.

"ఏవండీ!" అంది తిలోత్తమ. "ఇంత దూరం వచ్చి సగమేంటండీ? మీ వాదం గెలవక్కర్లేదా?"

"గెలవాలమ్మా. ఒళ్ళంతా పీకుతాంది. అయినా మిగతా సగం ఈ మిషను మనవరాలికి ఉండనీ. అది మనకంటే బాగా చూస్తాది."

"కానివ్వండి," అంది తిలోత్తమ. "ఎటూ ఆ సగంలో గెలిచేది నేనే. ఆగుతాను."

హంపమ్మ నల్లకాగితం సగానికి జరిపి మీట నొక్కింది.

తెర నల్లగా ఉంది. తర్వాత ఒక మూల ఎరుపు పాకింది. మంట! ఆ ఎరుపుకు అడ్డంగా ఏదో ముదురు ఆకారం. అది మెల్లగా తేరుకుని, అంచులు కట్టుకుని, వేళ్ళు తొడుక్కుంది.

అరికాలు. కింది నుంచి చూసిన అరికాలు. ముందుకు చాచిన పాదం ఒకటి, వెనక లేచిన పాదం ఒకటి. రెండూ గాలిలోనే ఉన్నాయి. మడమ పగుళ్ళు కనిపిస్తున్నాయి. చీలమండ దగ్గర పూసల తాడు ఒకటి పైకి ఎగిరి అలాగే ఆగిపోయింది. బొటనవేలి నుంచి రాలిన మట్టి బెడ్డ ఇంకా నేల మీద పడలేదు.

తెర ఆరిపోయింది. ఈసారి పట్టుకోవలసినదంతా పట్టుకునే ఆరింది.

"పగుళ్ళు!" అన్నాడు ఈరన్న. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియలేదు. "మా రత్న మడమ మాదిరే పగుళ్ళు!"

తిలోత్తమ ఆయన భుజం పట్టుకుని ఊపేసింది. "చూశావా ఈరన్నా! ఆ పూసలు చూశావా నువ్వు! ఆ పిల్ల... పిల్లే అయ్యుంటుంది... గాల్లో ఉంది!"

"గాల్లో ఉంది! అంటే చిందు!"

భుజం మీద చెయ్యి ఠక్కున లేచిపోయింది.

"చిందేంటండీ? పరుగు! పరిగెత్తేటప్పుడు రెండు కాళ్ళూ గాల్లోకి లేవవూ?"

"లేస్తే ఇట్ల లేస్తాయా?"

"ఇలాగే లేస్తాయి! కావాలంటే పరిగెత్తి చూపిస్తా!"

*

చూపించింది కూడా. డేరా విప్పేశాక, సాయంత్రపు ఎండలో, గుంటూరు కోల్డ్ స్టోరేజీ యజమానురాలు చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టి, మసిదిన్నె పక్కన పొలంలో పరిగెత్తింది. ఈరన్న బూడిదలో వెల్లకిలా పడుకుని, ఆవిడ తన మీదుగా దూకుతుంటే అరికాళ్ళకు ఫోటో తీశాడు. తర్వాత ఆయన చిందేస్తే ఆవిడ పడుకుని తీసింది. తర్వాత ఆగేవాళ్ళు లేరు. చరిత్ర లెక్చరర్లు ఎగిరారు. బ్యాంకు మేనేజరు పరిగెత్తి, పరుగులోనే చిందు కలిపి, రెండు పార్టీల చేతా తిట్లు తిన్నాడు. బట్టతలలూ బొజ్జలూ బూడిద మేఘంలో లేచి పడుతున్నాయి. ఫోటోలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చిందు పాదమేదో పరుగు పాదమేదో తీసినవాళ్ళు కూడా చెప్పలేకపోయారు.

"ఆన్‌లైన్లోనే తమాషా అనుకున్నా గానీ," అంది నాగరత్న హంపమ్మతో, "ఈండ్లు ఎదురుగా ఇంగా బాగున్నారే!"

హంపమ్మ నవ్వుతూ గుంట అంచుకు వచ్చింది. చదవని సగాన్ని డేరా విప్పకముందే ఇసుక నింపిన నల్ల పెట్టె కింద భద్రం చేసి ఉంచింది. ట్రాక్టరు ట్రాలీ నిండా జల్లించిన ఇసుకతో వెనక్కి తిరిగి సిద్ధంగా ఉంది. పొద్దు వాలింది, ఇక పూడ్చాలి. చెయ్యి ఎత్తబోయి ఆగింది. గుంట అడుగున, పెట్టె చుట్టూ, తన తండ్రి ఫ్లాష్ కొట్టి తుడిచేసిన నేల సాయంత్రపు పసుపు వెలుగులో తళతళమంటోంది. దాని మీద ఎగురుతున్న మనుషుల నీడలు.

"నాయనా!" అని అరిచింది. "ఇట్ల రా! ఈ నేల ఇప్పుడు ఏంది?"

ఈరన్న ఆయాసపడుతూ వచ్చి చూశాడు. "ఏందంటే... ఖాళీ. నేను ఖాళీ చేసిన ఫిల్ము."

"పూడ్చే ముందు చివరి వెలుగు దేన్ది పడితే..."

ఆమె మాట పూర్తి కాలేదు. ఈరన్న రెండు చేతులూ ఎత్తి పొలమంతా దద్దరిల్లేలా కేకేశాడు.

"ఎవరూ పోవద్దు! అందరూ గుంట చుట్టూ రాండి! పొడుగోళ్ళు ఎనక్కి! ఓ మేనేజర్ సార్, బొజ్జ పక్కోళ్ళకు అడ్డం రాకుండా! ట్రాక్టరన్నా, నేను చెప్పినప్పుడు ఒక్కసారిగా కుమ్మరియ్యాల, కొంచెం కొంచెం గాదు!"

విషయం తెలిసేసరికి గుంట మూడు వైపులా తోపులాట. జుట్టు సర్దుకునేవాళ్ళు, బూడిద దులుపుకునేవాళ్ళు. దులుపుకోవద్దని తిట్టేవాళ్ళు.

"నువ్వూ రా నాయనా," అంది హంపమ్మ.

"నేనా? నేనెప్పుడూ బొమ్మలో ఉండను పాపా. తీసేటోన్ని."

"ఇప్పుడు తీసేది నువ్వు కాదు గదా. నేల."

ఈరన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. వాటిలో ఏమీ లేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకటి నాగరత్న భుజం మీద వేశాడు, రెండోది హంపమ్మ పట్టుకుంది.

"అరికాళ్ళు చాలవు!" అన్నాడు గుంట చుట్టూ చూస్తూ. "అందరూ కిందికి చూడండి! వంగండి! మొగాలు పడాల, మొగాలు! నేను మూడు అంటానే ఎగరండి!"

"ఎగరడమా, పరిగెత్తడమా?" అవతలి ఒడ్డు నుంచి తిలోత్తమ.

"ఈడ పరిగెత్తితే గుంటలో పడతారమ్మా!"

"సరే, ఎగురుతాను. కానీ రాసిపెట్టుకోండి, నాలుగు వేల ఏళ్ళ తర్వాత వాళ్ళు మనం పారిపోతున్నామనే అంటారు!"

"ఒకటి!" అన్నాడు ఈరన్న. ట్రాలీ తలుపు గడియ తీసిన చప్పుడు. "రెండు!" ఇసుక అంచు జారుతోంది. ఆయన వంగి, కింద తనను చూస్తున్న ఆ పసుప్పచ్చటి నేల కళ్ళలోకి చూసి, గొంతు చించుకుని అరిచాడు.

"నగండప్పా! పారిపోయేటోడు నగడు! అందరూ పండ్లు కనపడేట్టు నగండి... మూడు!"